ఆ గీత ఎంత లావుండాలి?

పొద్దున్న తొమ్మిదింటికి ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఇరుక్కుపోతే మనందరం చేసే పని ఒకటే. ఫోన్ తీసి మ్యాప్ చూస్తాం. గాజువాక వైపు గీత ఎర్రగా మండిపోతూ ఉంటుంది. ఈసారి అక్కడితో ఆగకుండా కాస్త జూమ్ చేసి పక్క సందు కూడా చూడండి. అదీ ఎర్రగానే ఉంటుంది. హైవే మీద ఆగిపోయింది వందల బళ్లు. సందులో ఎవరో అడ్డంగా పెట్టిన టాటా ఏస్ వెనక నిలబడింది నాలుగు స్కూటర్లు. మ్యాప్‌కి రెండూ ఒకటే ఎరుపు.

తప్పు మ్యాప్‌ది కాదు. ఆ రంగు చెప్పేది వేగం సంగతి. ఎన్ని బళ్లున్నాయో అది చెప్పదు. హైవే గీత లావుగా, సందు గీత సన్నగా ఉంటుంది కదా అంటారేమో. ఆ లావు రోడ్డు హోదాకి సంబంధించింది. నేషనల్ హైవే కాబట్టి లావు, అర్ధరాత్రి ఖాళీగా ఉన్నా సరే అంతే లావు. అంటే ఒక గీతకి రంగూ ఉంది, లావూ ఉంది. ఆ రెండూ కలిసి కూడా మనకి కావలసిన లెక్క చెప్పడం లేదు.

ఈ పిచ్చి నాకు 2025 ఫిబ్రవరిలో పట్టుకుంది. అప్పుడు మన విశాఖ వాట్సాప్ గ్రూపులన్నిటిలోనూ ఒకటే గొడవ. దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రకటన 2019లో వచ్చింది. అప్పటి నిర్ణయం ప్రకారం వాల్తేరు డివిజన్‌ని రెండు ముక్కలు చేసి, ఒక ముక్కని విజయవాడలో కలిపేసి, రెండో ముక్కతో రాయగడ డివిజన్ పెట్టాలి. 1893 నుంచి ఉన్న డివిజన్ పేరే పోతుందని ఇక్కడ అందరికీ మంట. చివరికి 2025 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ దాన్ని సవరించింది. సుమారు 410 కిలోమీటర్లు ఉంచి విశాఖపట్నం డివిజన్ అని పేరు మార్చారు. మిగతా సుమారు 680 కిలోమీటర్లు రాయగడ డివిజన్ కింద, తూర్పు కోస్తా రైల్వేలోనే ఉంటాయన్నారు.

వెంటనే మ్యాపులు మొదలయ్యాయి. మనది నీలం, రాయగడది ఎరుపు, గీతలన్నీ ఒకే లావు. ఒకాయన ఆ మ్యాప్ పెట్టి "చూశారా, 680 పోయింది, 410 మిగిలింది, ఘోరం" అన్నాడు. ఇంకొకాయన అదే మ్యాప్ పెట్టి "పోయిందంతా అడవులూ కొండలే, పలాస నుంచి దువ్వాడ దాకా మెయిన్ లైను మన దగ్గరే ఉంది కదా, ఏడుపెందుకు" అన్నాడు. రెండ్రోజులు కొట్టుకున్నారు. ఇద్దరూ చూస్తున్నది కిలోమీటర్లనే. రైలు పట్టాల మీద కిలోమీటర్లు తిరగవు. మనుషులూ సరుకూ తిరుగుతాయి. ఆ సంగతి ఆ మ్యాప్‌లో ఎక్కడా లేదు.

రాయగడ వైపు వెళ్లినవాటిలో అసలు గీత కొత్తవలస–కిరండూల్ లైను. మనం కేకే లైను అంటాం. మనలో చాలామందికి అది అరకు రైలు. 2017లో అద్దాల బోగీ తగిలించాక రీల్స్ నిండా అదే. కానీ 1960ల్లో ఆ లైను వేసింది అరకు అందాలు చూపించడానికి కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి ఎగుమతి చెయ్యడానికి. దాదాపు 445 కిలోమీటర్లు, యాభైకి పైగా సొరంగాలు. తర్వాత మన స్టీల్ ప్లాంటుకి కూడా ఖనిజంలో ఎక్కువ భాగం అక్కడి నుంచే వస్తోంది. సొంత గని లేని ప్లాంటు మనది. ఆ లైను దానికి ఊపిరి గొట్టం లాంటిది.

సరే, శనివారం ఖాళీగానే ఉన్నాం కదా, గీతల లావు లెక్క ప్రకారం పెట్టి నేనే గీద్దాం అనుకున్నాను. క్యూజీఐఎస్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో రైలు లైన్లు తెచ్చుకుని, ఒక్కో ముక్కకి ఒక్కో అంకె ఇచ్చి, "ఈ అంకెని బట్టి లావు పెట్టు" అంటే పెట్టేస్తుంది. పది నిమిషాల పని. ఆ అంకె ఎంతుండాలో తేల్చుకోవడానికి మాత్రం రెండు వారాలు పట్టింది.

ఉజ్జాయింపు లెక్క ఇలా వేశాను. ప్లాంటు సామర్థ్యం ఏడాదికి 73 లక్షల టన్నుల స్టీలు. టన్ను స్టీలుకి సుమారుగా టన్నున్నర ఖనిజం కావాలి. పూర్తి సామర్థ్యంతో నడిస్తే ఏడాదికి కోటీ పది లక్షల టన్నుల దాకా, అంటే రోజుకి 30,000 టన్నులు. ఒక రేకుకి 58 వ్యాగన్లు, దాదాపు 3,500 టన్నులు వేసుకుంటే, రోజుకి ఎనిమిదీ తొమ్మిది రేకులు ఒక్క ప్లాంటు కోసమే దిగాలి. రేవుకి పోయేది వేరే.

ఇప్పుడు ప్రయాణికులు. కేకే లైను మీద ప్యాసింజర్ రైళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అటూ ఇటూ కలిపి రోజుకి ఆరు వేల మంది అనుకుందాం, తలకి 60 కిలోలు. ఏడాదికి లక్షా ముప్పై వేల టన్నులు. ఖనిజం దీనికి 84 రెట్లు! ఖనిజం గీతని 20 పిక్సెల్స్ పెడితే, ప్రయాణికుల గీత పావు పిక్సెల్. ఫోన్‌లో పావు పిక్సెల్ కనపడదు.

అప్పుడు చేశాను మా జాతి మొత్తం చేసే పని. లాగ్ స్కేల్ పెట్టేశాను. ఇంజనీరింగ్ చదివినవాడికి అంకెలు మరీ దూరంగా ఉంటే చెయ్యి దానంతట అదే లాగరిథమ్ వైపు పోతుంది. 84 రెట్లు ఉన్న తేడా కాస్తా 7కీ 5కీ ఉన్న తేడా అయిపోయింది. రెండు గీతలూ పక్కపక్కనే అన్నదమ్ముల్లా బొద్దుగా కూర్చున్నాయి. స్క్రీన్ మీద భలే ముచ్చటగా ఉంది. ఆదివారం భోజనానికి వచ్చిన మా మావయ్యకి చూపించాను. ఆయన ఈ లైను మీద గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యారు. (ఇప్పుడు గార్డు అనకూడదు, ట్రైన్ మేనేజర్ అనాలి. 2022లో మార్చారు. ఆయన ముందు అంటే మాత్రం నవ్వుతారు.)

కళ్లజోడు సర్దుకుని చూసి, "ఏట్రా ఇది? మా ఖనిజం బండికీ, ఆ అద్దాల బోగీకీ ఒకటే గీతేట్రా?" అన్నారు.

"ఒకటే కాదు మావయ్యా, కింద స్కేల్ చూడు, లాగ్..."

"కింద ఎవుడు చూస్తాడ్రా? గీత కదా చూసేది."

దానికి నా దగ్గర జవాబు లేదు. నిజంగానే లేదు. గ్రాఫులో లాగ్ స్కేల్ ఉంటే పక్కన అంకెలుంటాయి, గీతలుంటాయి, కన్ను వాటితో పోల్చుకుంటుంది. మ్యాప్‌లో లావుని కన్ను లావుగానే చూస్తుంది. రెండింతలు లావుంటే రెండింతలు సరుకు అనుకుంటుంది. ఆ నమ్మకాన్ని వాడుకుని వేరే లెక్క చూపిస్తే, కింద ఎంత చిన్న అక్షరాల్లో రాసినా అది మోసమే. కిలోమీటర్ల మ్యాప్ పెట్టి కొట్టుకున్న వాట్సాప్ పెద్దమనుషులకీ నాకూ తేడా ఏముంది?

ఈ లావు గీతల పని ఎక్కడ మొదలైందా అని వెతికితే, సరిగ్గా రైల్వే గొడవల్లోనే మొదలైంది. ఐర్లండ్‌లో రైళ్లు ఎక్కడెక్కడ వెయ్యాలో తేల్చడానికి ఒక కమిషన్ వేశారు. దాని కోసం హెన్రీ డ్రూరీ హార్నెస్ అనే బ్రిటిష్ మిలిటరీ ఇంజనీరు 1837లో మ్యాపులు గీశాడు. ఏ దారిలో ఎంతమంది ప్రయాణిస్తున్నారో, ఎంత సరుకు పోతోందో దాన్ని బట్టి గీతల లావు. మనుషులకి ఒక మ్యాప్, సరుకుకి ఇంకో మ్యాప్. ఆ తర్వాత జనం వాటిని మర్చిపోయారు. 1955లో ఆర్థర్ రాబిన్సన్ అనే అమెరికన్ మ్యాపుల ప్రొఫెసర్ వాటి గురించి రాసేదాకా ఎవరికీ పట్టలేదు.

ఫ్రాన్స్‌లో షార్ల్ జోసెఫ్ మినార్ అనే సివిల్ ఇంజనీరు కూడా అంతే. 1845లో డిజోన్ నుంచి ములూజ్‌కి రైలు ఏ దారిన వెయ్యాలన్న చర్చ నడుస్తుంటే, ఆ ప్రాంతంలో గుర్రబ్బళ్లలో జనం ఎటు ఎక్కువ తిరుగుతున్నారో లావు గీతలతో చూపించాడు. నెపోలియన్ రష్యా దండయాత్ర మ్యాప్ ఈయనదే. 1869లో గీశాడు. 4,22,000 మందితో బయల్దేరిన గీత చివరికి 10,000 దగ్గర దారప్పోగులా మిగులుతుంది. ఒక మిల్లీమీటరు లావుకి పదివేల మంది. లాగ్ లేదు, గీగ్ లేదు. సన్నబడితే సన్నబడనీ అన్నాడు. ఆ సన్నబడటమే కదా ఆయన చూపించాలనుకున్నది.

నాకు అంతకన్నా నచ్చింది ఆయన పత్తి మ్యాపులు. యూరప్‌కి పత్తి ఎక్కడి నుంచి ఎంత వస్తోందో 1858, 1864, 1865 సంవత్సరాలకి పక్కపక్కనే పెట్టాడు. మొదటిదాంట్లో అమెరికా గీత వరద కాలవలా ఉంటుంది, మన దేశం గీత పిల్లకాలవ. మధ్యలో అమెరికా అంతర్యుద్ధం వచ్చింది. 1864కి అమెరికా గీత ఎండిపోయింది, మన గీత ఉబ్బిపోయింది. (మన కాకినాడ రేవుకి పత్తి దశ తిరిగింది కూడా ఆ రోజుల్లోనే.) అంత లావు గీత జిబ్రాల్టర్ జలసంధిలో పట్టలేదు. మినార్ ఏం చేశాడంటే, గీతని సన్నం చెయ్యలేదు, జలసంధినే వెడల్పు చేశాడు! భూమి ఆకారం తప్పినా ఫర్వాలేదు, లెక్క తప్పకూడదు అన్న మొండితనం నాకు తెగ నచ్చేసింది.

ఆ మొండితనం మర్నాడే అవసరం పడింది. లాగ్ తీసేసి, 20 పిక్సెల్స్ గీతని కేకే లైను మీద పెట్టగానే, అనంతగిరి ఘాట్ దగ్గర గీత కాస్తా ముద్దయిపోయింది. బొర్రా దాటాక లైను పాములా మెలికలు తిరుగుతుంది కదా, ఫోన్ సైజులో ఆ మెలికలు గీత లావుకన్నా చిన్నవి. గీత తన మీద తనే పడి జిలేబీలా తయారైంది. చూసేవాడు అక్కడేదో పెద్ద స్టాక్‌యార్డ్ ఉందనుకుంటాడు. మెలికలన్నీ తీసేసి, నున్నగా ఒక వంపు మాత్రం ఉంచాను. అరకు ప్రేమికులు క్షమించాలి.

ఇంకో చిక్కు పొడవుతో వచ్చింది. ఒకే లావున్న రెండు గీతల్లో పొడుగుది ఎక్కువ సరుకు మోస్తున్నట్టు కనిపిస్తుంది. కన్ను తెలీకుండానే మొత్తం రంగు ఎంత పరుచుకుందో చూస్తుంది. మన 410 కిలోమీటర్ల లిస్టులో స్టీల్ ప్లాంటు–జగ్గయ్యపాలెం అని ఒక ముక్క ఉంది. పది కిలోమీటర్లు. కిలోమీటర్ల పట్టికలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. ప్లాంటు గుమ్మం దగ్గరి ఇలాంటి పొట్టి ముక్కలు లావు మ్యాప్‌లో వేలెడంత పొడుగు, బొటనవేలంత మందం అవుతాయి. అయినా కన్ను వాటి మీద ఆగదు. అందుకని అలాంటి ముక్కల పక్కనే అంకె రాసేశాను. రాసిన అంకె మీదికి కన్ను తప్పకుండా వెళ్తుంది.

రంగుల దగ్గర పెద్దగా ఆలోచించలేదు. ఖనిజానికి తుప్పు రంగు, బొగ్గుకి నలుపు. ఎరుపూ ఆకుపచ్చా పక్కపక్కన పెట్టొద్దు, ఆ తేడా తెలియని మగవాళ్లు మనం అనుకునేదానికన్నా ఎక్కువ. గీతలు ఒకదాన్నొకటి దాటే చోట పైదానికి సన్నటి తెల్ల అంచు పెడితే ఏది ఎటు పోతోందో తెలుస్తుంది. అంతే.

బొగ్గు సంగతి వచ్చింది కాబట్టి, టన్ను స్టీలుకి ముప్పావు టన్ను బొగ్గు వేసుకుంటే ఏడాదికి 55 లక్షల టన్నులు. ఎక్కువ భాగం ఆస్ట్రేలియా లాంటి చోట్ల నుంచి ఓడల్లో గంగవరం రేవుకి వస్తుంది. పది పిక్సెల్స్ నల్ల గీత సముద్రంలోంచి ప్లాంటులోకి. ఇటు కొండల్లోంచి ఇరవై పిక్సెల్స్ తుప్పు గీత. రెండూ గాజువాక దగ్గర కలుస్తాయి. చిన్నప్పటి నుంచి "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" వింటూ పెరిగినవాణ్ణి. ఆ ఉక్కు ఎన్ని ఊళ్లు దాటి వస్తోందో ఆ రోజే కళ్లతో చూశాను.

రైల్వే మ్యాపుల్లో అస్సలు కనపడని గీత ఇంకొకటి ఉంది. కిరండూల్ నుంచి విశాఖకి 267 కిలోమీటర్ల పైపులైను. ఖనిజం పొడిని నీళ్లలో కలిపి పంపిస్తారు. అదీ ఖనిజం దారే, కానీ ఏ డివిజన్‌దీ కాదు. దాన్ని చుక్కల గీతగా పెట్టాను. మనకి కనపడని సరుకు కాబట్టి.

చివరికి రెండు మ్యాపులయ్యాయి, హార్నెస్ చేసినట్టే. మనుషుల్ని టన్నుల్లో తూచడం మానేశాను. ఆ పావు పిక్సెల్‌లో పొద్దున్నే వైజాగ్ కేజీహెచ్‌కి వచ్చే అరకు అమ్మమ్మలు కూడా ఉన్నారు. వాళ్లని ఖనిజంతో పోల్చి సన్నం చెయ్యడం నాకే సిగ్గనిపించింది. ప్రయాణికుల మ్యాప్‌లో పలాస–విశాఖ–దువ్వాడ గీత లావు, కేకే నూలుపోగు. సరుకు మ్యాప్‌లో మెయిన్ లైను అక్కడా బొద్దుగానే ఉంటుంది, కానీ కేకే అమాంతం ఉబ్బిపోయి పక్కన నిలబడుతుంది. వాల్తేరు సంపాదనలో పెద్ద వాటా సరుకుదే కాబట్టి, డబ్బు మ్యాప్ గీస్తే అది ఈ రెండో మ్యాప్‌కే దగ్గరగా ఉంటుంది. గ్రూపులో రెండూ పెట్టాను. 680 పోయిందన్నాయన సరుకు మ్యాప్ ఒక్కటే ఫార్వర్డ్ చేశాడు. ఏడుపెందుకు అన్నాయన ప్రయాణికుల మ్యాప్ ఒక్కటే ఫార్వర్డ్ చేశాడు. కనీసం ఈసారి కొట్టుకున్నది కిలోమీటర్ల గురించి కాదు. అది నాకు చాలు. నన్నడిగితే మొదటాయన బాధలోనే న్యాయం ఎక్కువుంది. అయితే ఆయన ఏడవాల్సింది 680 పోయిందని కాదు, అందులో ఉన్న ఒక్క తుప్పు గీత పోయిందని.

తర్వాతి ఆదివారం మావయ్యకి మళ్లీ చూపించాను. తుప్పు గీతని చూడగానే మొహం వెలిగింది. కిరండూల్ నుంచి కిందకి వేలితో రాసుకుంటూ వచ్చారు. కొత్తవలస దగ్గర వేలు ఆపి, "మరి పైకెళ్లీది ఏదిరా?" అన్నారు.

"పైకి సరుకేం ఉండదు కదా మావయ్యా. ఖాళీ వ్యాగన్లే కదా వెళ్లేది."

"ఖాళీ అయితే? బండి బండి కాదేటి? నా సర్వీసులో సగం ఆ ఖాళీ బండి ఎనకాల్నే పోయింది."

సున్నా టన్నులు, సున్నా లావు. లెక్క ప్రకారం నేను చేసింది తప్పు కాదు. కానీ ఎంత సరుకు అన్నది ఒక లెక్క, పట్టాల మీద ఎంత బరువు కదిలిందన్నది ఇంకో లెక్క. రైల్వేవాళ్లు రెండూ వేస్తారు. ఖాళీ వ్యాగన్ ఒక్కోటి 22 టన్నుల పైమాటే. 58 వ్యాగన్లంటే దాదాపు 1,300 టన్నులు. దిగే బండి, ఖనిజంతో కలిపి, 4,800. లాప్‌టాప్ అక్కడే తెరిచి అంకెలు మార్చాను. మనవైపు బళ్లు ఎడమ పక్కన నడుస్తాయి కాబట్టి, ఏ దిక్కు గీతని ఆ దిక్కుకి ఎడమ పక్కకి జరిపాను. 20 పిక్సెల్స్ తుప్పు గీతకి ఆనుకుని, బూడిద రంగులో ఐదు పిక్సెల్స్ గీత ఒకటి కొత్తవలస నుంచి కొండెక్కింది.

ఆయన ఫోన్‌కి పంపించాను. రెండు వేళ్లతో పెద్దది చేసుకుని, ఈసారి కింద నుంచి పైకి మెల్లగా జరుపుకుంటూ వెళ్లారు. శివలింగపురం, బొర్రా, సిమిలిగుడ. అక్కడ ఆగారు.

"ఇక్కడ డిసెంబర్‌లో చలి చంపేసీదిరా" అన్నారు.